పండుగనాటి చీటీ

2024లో ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం నాడు వచ్చింది. దాని ముందురోజు అమావాస్య. టెక్సాస్ నుంచి మెయిన్ దాకా సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించినది ఆ రోజే. మేముండే న్యూజెర్సీలో సూర్యబింబం పూర్తిగా మూసుకోలేదు గాని, పిల్లలు బస్సు దిగే వేళకి గ్రహణం నడుస్తూంటుందనీ, పైకి చూసి కళ్ళు పాడుచేసుకుంటారనీ మా ఊరి బడివారు ముందుగానే ఉత్తరం పంపి, ఆ సోమవారం పెందలాడే బడి వదిలేశారు. సూర్యచంద్రులు ఒక వరుసలోకి వచ్చారని బడి వేళలు మార్చిన ఊళ్ళోనే, ఆ చంద్రుడు వరుస దాటి ఒక్క కళ పెరిగేసరికి వచ్చే మన సంవత్సరాదికి, మేము మా అమ్మాయిని ఇంట్లో ఉంచుకుని, బడికి "జ్వరం" అని వ్రాసి పంపాము.

వ్రాసింది మేమే. దంపతులమిద్దరం వైద్యులం. తెలిసినవాళ్ళు ఎవరైనా ఫోను చేసి "డాక్టరుగారూ, పండక్కి మావాణ్ణి బడి మానిపిస్తున్నాం, కడుపునొప్పని చిన్న చీటీ వ్రాసిపెడుదురూ" అంటే, అది కుదరదని మర్యాదగా చెప్పి తప్పుకునేవాళ్ళం. మన ఇంటి విషయం వచ్చేసరికి ఏ మొహమాటమూ లేకుండా ఉన్న జ్వరం లేని జ్వరం అంటగట్టాము. ఎంచేతంటే జ్వరం అంటే ఎవ్వరూ మారు ప్రశ్న వెయ్యరు. ఉగాది అంటే ఏమిటి, ఎంతసేపు, తప్పదా, పోయిన జనవరిలో కూడా ఏదో పండగన్నారే, ఇన్ని మాటలు వస్తాయని మా భయం. నిజానికి ఆ మాటలు మమ్మల్ని ఎవ్వరూ అడగలేదు. అడుగుతారేమోనని మేమే ముందు భయపడ్డాము.

తొమ్మిదేళ్ళ పిల్ల. పొద్దున తలంటు పోసుకుని, వేపపువ్వు పచ్చడి మొహం చిట్లించుకుంటూ తిని, కొత్త పరికిణీ కట్టుకుని మధ్యాహ్నం దాకా సంతోషంగానే ఉంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం, "రేపు మా టీచరు జ్వరం తగ్గిందా అని అడిగితే ఏం చెప్పాలి నాన్నా?" అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర మందు లేదు.

ఆ తరువాత రాత్రి డ్యూటీల మధ్య దొరికిన తీరికలో, ఈ దేశంలో పండుగలకి పిల్లల్ని బడి మానిపించిన తల్లిదండ్రుల చరిత్ర కాస్త చదివాము. అందులో మనవాళ్ళు ఆఖరున, అదీ చాలా ఆలస్యంగా వస్తారు. అయినా మన సంఘంలో ప్రతి ఇంటికీ సంబంధించిన సంగతి గనుక ఇక్కడ పంచుకుంటున్నాము.

ఒక మాట ముందుగా ఒప్పుకోవాలి. మన ఊళ్ళలో సంక్రాంతికి సెలవు కావాలని అడిగినవారెవరు? పండుగ రావడమూ బడి మూయడమూ ఒకటే అనుకుని పెరిగాము. ప్రభుత్వ సెలవుల జాబితాలో రెండో భాగం ఒకటుంటుందనీ, దాని పేరు ఐచ్ఛిక సెలవులనీ, పార్సీల నూతన సంవత్సరం వంటివి అందులో ఉంటాయనీ ఉద్యోగస్థులున్న ఇళ్ళలో తెలుసు. కాని ఆ రెండో జాబితాలో తమ పండుగ ఉన్నవాడికి ఎలా ఉంటుందో మేము ఏనాడూ ఆలోచించలేదు. ఇక్కడికి వచ్చాక మనమే ఆ రెండో జాబితా మనుషులమయ్యాము. చాలాచోట్ల అందులోనూ లేము.

ఇక చరిత్ర. మాకు దొరికినవాటిలో అన్నిటికంటె మనసుని పట్టి లాగింది వెర్మాంట్ రాష్ట్రంలో బ్రాటిల్‌బరో అనే చిన్న ఊరి కథ. 1874 జూన్ 4న క్యాథలిక్కుల కార్పస్ క్రిస్టీ పండుగ. ఊళ్ళో క్యాథలిక్కులు కొత్తగా వచ్చి స్థిరపడినవారు; బడిని నడిపే కమిటీ అంతా పాత కాపులు. ఆ రోజు మా పిల్లల్ని గుడికి పంపుతాము, సెలవివ్వండి అని వారి ఫాదిరీ ముందుగానే కమిటీని అడిగాడు. ఇంతమంది ఒక్కసారి మానేస్తే తరగతులు సాగవు, ఇవ్వమన్నారు కమిటీవారు. తల్లిదండ్రులు పిల్లల్ని దొంగచాటుగా ఆపలేదు. జ్వరమూ అనలేదు. అందరికీ తెలిసేలాగానే గుడికి తీసుకుపోయారు. మరునాడు బడికి వెళ్ళిన పిల్లల్ని వాకిట్లోనే నిలబెట్టి, ఇకమీదట ఇలా చెయ్యమని తల్లిదండ్రులు మాట ఇస్తేనే లోపలికి రానిస్తామన్నారు.

వాళ్ళు ఆ మాట ఇవ్వలేదు. కోర్టుకు వెళ్ళారు. 1876లో వెర్మాంట్ సుప్రీంకోర్టు కమిటీ వైపే తీర్పు చెప్పింది. హాజరు గురించి నియమాలు పెట్టుకునే అధికారం బడిదనీ, ఆ నియమం అందరికీ ఒక్కటే గనుక ఎవరి మతస్వేచ్ఛకూ భంగం లేదనీ దాని సారాంశం. "అందరికీ ఒక్కటే" అనే మాట ఎంత ముచ్చటగా వినిపిస్తుందో చూడండి. క్యాలెండరు ఎవరిదైతే నియమం వారికి ఎప్పుడూ అడ్డం రాదు. ఆదివారం నాడు బడి పెట్టి, అందరికీ ఒక్కటే నియమమని కమిటీవారు తమ పిల్లలకీ చెప్పి ఉంటే తెలిసేది.

వింత ఏమిటంటే, అప్పటికే ఇంగ్లండులో ఈ తగవు చట్టంలోకి ఎక్కి తీరిపోయింది. అక్కడ 1870లో వచ్చిన ప్రాథమిక విద్యా చట్టం, తల్లిదండ్రుల మతసంస్థ ప్రత్యేకంగా ఆచరణకు కేటాయించిన రోజున పిల్లవాడు బడికి రానక్కరలేదని చెప్పింది. 1944 చట్టంలోనూ, ఇప్పుడు అమలులో ఉన్న 1996 చట్టంలోనూ ఆ మాట కొనసాగుతోంది. చర్చీల తగవులు తీర్చడానికి వ్రాసుకున్న వాక్యం అది. నూరేళ్ళ తరువాత లెస్టర్‌లోను, వెంబ్లీలోను దీపావళి చేసుకునే పిల్లలకు అక్కరకు వచ్చింది. అయితే "మతసంస్థ కేటాయించిన రోజు" అంటే మనకు కొంచెం చిక్కే. మనకు రోజు కేటాయించే సంస్థ ఎక్కడుంది? పంచాంగం ఉంది, అదీ ఒకటి కాదు.

తిరిగి అమెరికాకి వద్దాం. న్యూయార్కు నగరంలో 1905 డిసెంబరులో, యూదులు ఎక్కువగా ఉండే బ్రౌన్స్‌విల్ పేటలో ఒక బడి ప్రిన్సిపాలు క్రిస్మస్ సభలో పిల్లలకు క్రీస్తులా నడుచుకోమని ఉపదేశం చేశాడు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు, అర్జీలు పెట్టారు, విచారణ జరిగింది, ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. బడుల్లో క్రిస్మస్ కీర్తనలూ ఆగలేదు. అప్పుడు ఆల్బర్ట్ లూకాస్ అనే ఆయన వంటి ఆర్థొడాక్సు నాయకులు, యిడ్డిష్ పత్రికలు కలిసి, 1906 డిసెంబరు 24న బడుల్లో క్రిస్మస్ వేడుక జరిగే రోజున పిల్లల్ని ఇళ్ళలో ఉంచమని పిలుపునిచ్చారు. వేలాది పిల్లలు బడికి వెళ్ళలేదు. ఇది తమ పండుగకు మానడం కాదు, ఎదుటివారి పండుగ తమ పిల్లల నెత్తిన రుద్దినందుకు మానడం. కాని పద్ధతి ఒక్కటే. ఖాళీ బెంచీలు లెక్కకు వస్తాయి. అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఊరికి తెలిస్తేనే వస్తాయి.

1952లో సుప్రీంకోర్టు ముందుకు జోరాక్ కేసు వచ్చింది. న్యూయార్కులో బడివేళల్లో పిల్లల్ని మతబోధకు బయటికి పంపవచ్చునా అన్నది అందులో వివాదం. పంపవచ్చునని ఆరుగురు, కూడదని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. తీర్పు వ్రాసిన జస్టిస్ విలియమ్ డగ్లస్ తన వాదానికి ఉదాహరణగా మూడు ఇళ్ళ సంగతి చెప్పాడు. ఒక క్యాథలిక్ విద్యార్థి పండుగనాడు పూజకు వెళ్ళాలని టీచరుని అడుగుతాడు. ఒక యూదు విద్యార్థి యోమ్ కిప్పూర్‌కి సెలవు అడుగుతాడు. ఒక ప్రొటెస్టెంట్ విద్యార్థి ఇంట్లో బాప్తిస్మం ఉందని మధ్యాహ్నం వెళ్ళనిమ్మంటాడు. ముగ్గురినీ టీచరు అడిగేది ఒక్కటే: మీ అమ్మానాన్నల చేత వ్రాయించుకు రండి. మేము ఆ చోట చాలాసేపు ఆగాము. దేశంలో పెద్ద న్యాయస్థానం ఇదంతా మామూలు సంగతే అన్నట్టుగా మాట్లాడిన ఆ చీటీ ఖరీదు ఒక కాగితం, ఒక సంతకం. మేము దాన్ని కాదని థర్మామీటరు తీశాము.

మా రాష్ట్రం సంగతి కూడా అప్పుడే చూశాము. న్యూజెర్సీ చట్టం ప్రకారం మతసంబంధమైన పండుగకు తల్లిదండ్రుల సంతకంతో మానిన విద్యార్థికి ఆ కారణాన ఏ బహుమతీ, అర్హతా పోకూడదు. తప్పిన పరీక్ష మళ్ళీ పెట్టాలి. రాష్ట్ర విద్యాశాఖ ఏటా పండుగల జాబితా ప్రకటిస్తుంది, స్థానిక బోర్డులు దానికి చేర్చుకోవచ్చు. అంటే మేము అబద్ధమాడి దక్కించుకున్నదంతా నిజం చెబితే దక్కేదే.

చీటీ ఇస్తే పిల్ల మాత్రమే మానుతుంది, బడి నడుస్తూనే ఉంటుంది. బడికే సెలవు కావాలంటే అది వేరే కథ. మతాన్ని గౌరవించడం కోసమని ప్రభుత్వ బడి మూయడానికి ఈ దేశ రాజ్యాంగం ఒప్పదు. ఇల్లినాయ్ రాష్ట్రం గుడ్‌ఫ్రైడేకి బడులన్నీ మూయాలని 1941లో చేసిన చట్టాన్ని 1995లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. మరి న్యూయార్కు నగరంలో 1960 నుంచి యూదుల నూతన సంవత్సరానికి, యోమ్ కిప్పూర్‌కి బడులు ఎలా మూస్తున్నారు? భక్తి వల్ల కాదు. ఆ రోజుల్లో నగరంలో టీచర్లలో యూదులు అంతమంది ఉండేవారు. వాళ్ళంతా ఆ రోజుల్లో సెలవు పెడితే పాఠం చెప్పేవాళ్ళుండరు. బడి తెరిచి పిల్లల్ని కూర్చోబెట్టడం కంటె మూయడం మేలని బోర్డు లెక్క వేసుకుంది.

అంటే క్యాలెండరుని కదిలించింది హాజరు పట్టీ. మా అమ్మాయి జ్వరం ఆ పట్టీలో జ్వరంగానే చేరింది. ఆ మంగళవారం మా ఊళ్ళో ఎన్ని తెలుగు ఇళ్ళలో ఎన్ని జ్వరాలు వచ్చాయో మాకు కొంత తెలుసు. రాత్రి ఫోన్లలో ఒకరికొకరం నవ్వుకుంటూ చెప్పుకున్నాము. బడివారి దృష్టిలో మాత్రం ఆ రోజున ఊళ్ళో ఏదో విషజ్వరం తగిలింది, పండుగ ఏదీ జరగలేదు.

అలాగని లెక్కకు వచ్చినవాళ్ళందరికీ అడిగింది దొరికిందనుకోకండి. మేరీలాండ్‌లో మంట్‌గోమరీ కౌంటీలో ముస్లింలు తమ ఈద్ పేరు కూడా బడి క్యాలెండరులో చేర్చమని అడిగితే, 2014 నవంబరులో బోర్డువారు ఈద్ చేర్చలేదు సరికదా, ఉన్న క్రిస్మస్, యోమ్ కిప్పూర్ పేర్లు కూడా తీసేసి, సెలవు రోజులు మాత్రం యథాతథంగా ఉంచారు. పంక్తిలో ఒకాయన నెయ్యి అడిగితే విస్తళ్ళ మీద నెయ్యి అనే మాటే వినబడకూడదన్నట్టుంది. న్యూయార్కులో 2006 జనవరిలో రాష్ట్ర పరీక్ష బక్రీదు నాడు పడింది. ఆ బాధతో మొదలైన ప్రయత్నానికి తొమ్మిదేళ్ళు పట్టింది. నగరసభ 2009లో తీర్మానం చేసినా, అడిగినవారందరికీ సెలవిస్తే ఇక చదువెక్కడిదని అప్పటి మేయరు బ్లూంబర్గ్ కాదన్నారు. 2015లో తరువాతి మేయరు డి బ్లాసియో రెండు ఈద్‌లనూ సెలవుల్లో చేర్చారు.

బ్లూంబర్గ్ మాటని తీసిపారేయడానికి లేదు. ఆ రాష్ట్రంలో బడులు ఏడాదికి 180 రోజుల లెక్క చూపాలి. ఆస్పత్రిలో నర్సులుగా, ఇళ్ళలో సహాయకులుగా పనిచేసే తల్లులు, బడి మూసిన ప్రతి రోజూ పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక పడే అవస్థ మేము కళ్ళారా చూస్తున్నాము. మన దీపావళికి ఆవిడ ఒక రోజు జీతం పోగొట్టుకోవాలా? మా మటుకు మాకు ఊరంతా బడి మూయాలని లేదు. మా పిల్ల మానితే దానికి మానిన కారణం పేరు ఉండాలని మాత్రం ఉంది.

చీటీకే పరిమితి పెట్టిన చోట్లూ ఉన్నాయి. టెక్సాస్‌లో అమరిల్లో బడివారు మతపరమైన సెలవులు ఏడాదికి రెండే అన్నారు. మూడో రోజు మానితే ఆ రోజు పనికి సున్నా. ఏటా అంతకంటె ఎక్కువ పవిత్రదినాలు పాటించే ఒక చిన్న చర్చివారు కోర్టుకు వెళ్ళి 1981లో గెలిచారు, మరుసటి ఏడు అప్పీలులోనూ అదే నిలిచింది. బ్రాటిల్‌బరో తరువాత దారి ఇంతదూరం రావడానికి నూరేళ్ళు దాటింది. టెక్సాస్‌లో ఉన్న మన మిత్రులు ఆ చర్చి పేరు విని ఉండరు గాని, ఆ దారి వేసినవారిలో వాళ్ళూ ఉన్నారు.

ఇక దీపావళి. 2022 అక్టోబరులో న్యూయార్కు మేయరు ఎరిక్ ఆడమ్స్, అసెంబ్లీ సభ్యురాలు జెనిఫర్ రాజ్‌కుమార్ కలిసి ఒక ప్రతిపాదన చేశారు. జూన్‌లో వచ్చే యానివర్సరీ డే అనే సెలవుని దీపావళికి మార్చుకుందామని. ఆ యానివర్సరీ డే ఏమిటంటే, పందొమ్మిదో శతాబ్దంలో బ్రూక్లిన్‌లో ప్రొటెస్టెంట్ ఆదివారపు బడుల పిల్లలు చేసే ఊరేగింపు. కాలక్రమాన అది దేనికి వచ్చిందో నగరంలో చాలామంది మరిచిపోయారు, సెలవు మాత్రం మిగిలింది. 2023 జూన్‌లో రాష్ట్ర శాసనసభ దీపావళి సెలవు బిల్లు ఆమోదించింది. నవంబరు 14న గవర్నరు హోకుల్ సంతకం చేశారు. ఆ ఏడు దీపావళి అప్పటికే, అదీ ఆదివారం నాడు, వెళ్ళిపోయింది గనుక మొదటి సెలవు 2024 నవంబరు 1, శుక్రవారం నాడు వచ్చింది.

అక్కడ మన పంచాంగం తన తమాషా చూపించింది. ఆ ఏడు అమావాస్య న్యూయార్కు కాలమానంలో అక్టోబరు 31 ఉదయం మొదలై, నవంబరు 1 ఉదయం తొమ్మిది కాకముందే అయిపోయింది. ప్రదోషానికి అమావాస్య ఉండాలిగా, కాబట్టి లక్ష్మీపూజ 31 సాయంత్రమే. అది హాలోవీన్ రాత్రి. న్యూయార్కులో ఉన్న మా స్నేహితుల ఇంట్లో పిల్లలు ఒక చేత్తో మిఠాయి సంచీ, ఒక చేత్తో కాకరపువ్వొత్తి పట్టుకుని తిరిగారట. మరునాడు సెలవు. అరవై, డెబ్భై ఏళ్ళుగా యూదులు, పదేళ్ళుగా ముస్లింలు అనుభవిస్తున్నది ఆ శుక్రవారం వాళ్ళకీ అందింది. ఎవరూ ఏ చీటీ వ్రాయలేదు.

ఉగాదికి మాత్రం అటువంటిది వస్తుందని మేమనుకోము. దీపావళి దేశమంతటి పండుగ. ఉగాది మనదీ, కన్నడిగులదీ, వేరే పేరుతో మహారాష్ట్రులదీ. మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవుదినం. అక్కడ మనవాళ్ళు చెరకుతోటల కూలీలుగా వెళ్ళి, తరతరాలుగా ఉండి, ఆంధ్ర మహాసభ పెట్టుకుని, దేశంలో ఒక భాగమై సంపాదించుకున్నారు. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని విమానం దిగిన మనకు అంత ఓపిక ఇంకా రాలేదు.

మనకంటె ముందు తరం డాక్టర్లు, 1965 చట్టం తరువాత వచ్చినవారు, ఒక ఉపాయం పన్నారు. పండుగనే శనివారానికి జరిపారు. ఊళ్ళో ఒకటో రెండో తెలుగు ఇళ్ళు, బడిలో ఒక్కడే తెలుగు పిల్లవాడు. వాడు వేరుగా కనబడకూడదని వారి తాపత్రయం. వారిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. న్యూయార్కు ఫ్లషింగ్‌లో 1977లో వినాయకుడి గుడి వెలిసేదాకా గంట కొట్టడానికి కూడా వారికి చోటు లేదు. మనమూ ఉగాది సభ తరువాతి శనివారాల్లో ఎప్పుడో చేసుకుంటాము. హాలు ఏదయ్యా అంటే తరచు మన పిల్లలు చదివే బడి హాలే, అద్దెకి. మంగళవారం నాడు ఆ గోడలకి తెలియని పండుగ, అద్దె కట్టిన శనివారం నాడు మైకులో వినిపిస్తుంది.

ఆస్పత్రిలో మాకు ఈ బెడద లేకపోవడం గుర్తుకు వస్తే సిగ్గేసింది. క్రిస్మస్ డ్యూటీ మేము చేస్తాం, దీపావళికి మీరు చెయ్యండి అని తోటి డాక్టర్లతో ఏటా బాహాటంగా మార్చుకుంటాము. ఏం పండుగో చెబుతాము, మిఠాయి పంచుతాము. పెద్దవాళ్ళమని మనం తెచ్చుకున్న ధైర్యం పిల్ల బడి సంచీలో పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

2025లో సంక్రాంతి జనవరి 14, మంగళవారం. సోమవారం బడి అయ్యాక సాయంత్రం భోగిపళ్ళు పోశాము, చెల్లెలికీ ఎదురింటి పాపకీ కలిపి. మంగళవారం ఉదయం బడి ఆఫీసుకి చీటీ వెళ్ళింది. మకర సంక్రాంతి, మా కుటుంబపు పండుగ, ఈ రోజు రాదు, అని మూడు ముక్కలు, కింద ఇద్దరి సంతకాలు.

పది గంటలకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ చెయ్యి అరిసెల పిండిలో ఉంది, మేము ఫోను ఎత్తడానికి ఒక్క క్షణం తటపటాయించాము. ఆ లోపల పిల్ల ఎత్తేసింది. అవతల ఆవిడ ఆ పేరు కంప్యూటరులో ఎక్కించాలట, అక్షరాలు చెప్పమంటోంది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి, ఒక్కొక్క అక్షరమే ఆగి ఆగి చెప్పింది. మధ్యలో ఒకచోట ఆవిడ తప్పు వ్రాసుకున్నట్టుంది, "కాదు, మళ్ళీ మొదటి నుంచీ" అని మొదలుపెట్టింది.